తల్లిచేప సాక్ష్యం

రోహిణి కార్తె, ఆఖరి రోజు

ఈ ఊళ్ళో ఎవరు నీళ్ళు తాగాలన్నా ముందు నా చేప ఒప్పుకోవాలి. గొప్పకు రాస్తున్న మాట కాదిది, కొత్తలంక కట్టుబాటు. తెప్పల మీద కట్టుకున్న ఊరు మాది. చుట్టూ ఉన్నది ఉప్పునీరు, తాగేది వాననీరు. కప్పుల మీద పడ్డ వాన గొట్టాల వెంట ఊరి మధ్యనున్న మడుగులోకి దిగుతుంది. ఏటా ఆ తొలకరి నీటిలో మూడు కొరమీను తల్లుల చేత గుడ్లు పెట్టిస్తాం. పిల్లలు నిటారుగా వస్తే గుడ్లకాపరి తూము దగ్గర నిలబడి "నిటారు" అని అరవాలి. అప్పుడే తూము ఎత్తుతారు.

మూడు తల్లుల పిల్లలూ వంకర తిరిగితే తప్పు నీళ్ళది, మడుగు ఖాళీ చెయ్యాలి. ఒక్క తల్లి పిల్లలే వంకర తిరిగితే తప్పు ఆ తల్లిది. దాన్ని ఆ పూటే పులుసు పెట్టుకుంటాం. గుడ్లన్నీ నిటారుగా ఇచ్చిన తల్లికి మాత్రం పసుపునీళ్ళు చల్లి, సత్యవతి అని పేరు పెట్టి, వచ్చే ఏటి తల్లులను దాని సంతానం లోంచే తీస్తాం. మా అమ్మ కాలం నుంచీ ఇదే పద్ధతి. నేను కాపరినయ్యాక మడుగు ఖాళీ చేసిన ఏడు ఒక్కటీ లేదు. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా నాకు కాస్త గర్వమే.

నా పేరు లాస్య. మా తరం వాళ్ళందరివీ ఇలాంటి నాజూకు పేర్లే. తల నెరిసి, మోకాళ్ళు అరిగి, నీచు కంపు కొడుతూ తిరిగే మనిషిని లాస్య అని పిలవాలంటే కుర్రకారుకు నవ్వు. వాళ్ళకు మళ్ళీ పాతకాలపు పేర్లు వచ్చాయి. నా మేనకోడలు నాంచారి, దాని మొగుడు వేమయ్య. తల్లి పోయాక నాంచారిని పెంచింది నేనే. దానికిప్పుడు మూడో నెల. ఇంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఈసారి నిలవాలని నేను మొక్కని దేవుడు లేడు.

వేసవి నీళ్ళు మడుగులో అడుగంటితే మిగిలింది పీపాల్లోకి తోడి పెట్టుకున్నాం. ఇంటికి రోజుకు ఒక్క బిందె. ఇవాళ ఊరంతా కప్పులెక్కి కూర్చుంది. మా దీపాలూ పంపులూ ఐసుపెట్టెలూ అన్నీ కప్పుల మీది సూర్యరేకులతోనే నడుస్తాయి. ఉప్పుగాలి వాటిని తినెయ్యకుండా తొలకరికి ముందు చట్రాలకూ అతుకులకూ నల్లనూనె పూస్తాం. ఉప్పుగాలి ఏటికేడు ముదురుతోంది, పూతా ఏటికేడు మందమవుతోంది. చట్రాలన్నీ దున్నపోతుల వీపుల్లా నిగనిగలాడుతున్నాయి.

మృగశిర, మొదటి వాన

వాన పడింది. కుండపోత. పిల్లలు తెప్పల మీద గెంతి గెంతి తాళ్ళు తెంపినంత పని చేశారు. మడుగు సగం నిండగానే మూడు తొట్లలోకి ఆ నీళ్ళు తోడి తల్లులను దించాను. ఈ ఏటి పెద్ద తల్లి పోయినేటి సత్యవతి. నేను తొట్టి అంచు మీద వేలు ఆడిస్తే పైకొచ్చి చూస్తుంది. కాకిపిల్ల కాకికి ముద్దు, నా చేప నాకు ముద్దు. మిగతా రెండూ దాని కూతుళ్ళు.

పని ముగించి చేతులు తుడుచుకుంటుంటే నాంచారి వచ్చింది. నిండా తడిసి ఉంది. ఒక చేతిలో ముంత, ఇంకో చేతి వేలికి గుడ్డ పీలిక.

"ఏంటే ఆ వేలు?"

"కొరమీను కరిచిందత్తా. తూరుపు రెల్లులో మగాడు గుడ్లు కాసుకుంటన్నాడు. ముంత ముంచానో లేదో పట్టేశాడు."

"కడుపుతో ఉన్నదానివి రెల్లు దాకా తెడ్డేసుకుంటా పోయావా? నీకేమన్నా మతుందా?"

"అరుద్దువులే గానీ ముందు ఇది చూడు."

ముంతలో తేనెరంగు గుడ్లు తెట్టులా తేలుతున్నాయి. బయటి నీళ్ళలో కొరమీను కనబడి ఎన్నేళ్ళయిందో. సముద్రం పొలాల మీదికి వచ్చినప్పుడే బయటి చేప పోయిందని మావాళ్ళు చెప్పేవారు. కాలవ పొడుగునా ఏటినీరు దిగి రెల్లులో ఉప్పు విరిగినట్టుంది, అవి మళ్ళీ వచ్చాయి. నాంచారికి కళ్ళు వెలిగిపోతున్నాయి. దాని సంబరం చూసి నాకూ తిట్టబుద్ధి కాలేదు. ఖాళీగా ఉన్న నాలుగో తొట్టిలో మడుగు నీళ్ళే పోసి గుడ్లు అందులో ఒంపాను.

వేమయ్య నీటి యంత్రం పని చూస్తాడు, నీళ్ళలో విషముంటే పట్టే మిషను అది. దాని పుల్ల మడుగులో ముంచి, పచ్చ దీపం వెలగగానే ఇటు చూసి బొటనవేలు ఎత్తాడు.

మృగశిర, మూడో రోజు

నా తల్లులు మూడూ నా పరువు నిలబెట్టాయి. భూతద్దం కింద చూస్తే అన్నీ సూదుల్లా నిటారుగా ఉన్నాయి. కళ్ళు నల్లగా, గుండెలు ఎర్రటి చుక్కల్లా టకటకా కొట్టుకుంటున్నాయి. చూసినప్పుడల్లా కొత్తే నాకు.

తరవాత నాలుగో తొట్టి చూశాను. నాంచారి తెచ్చిన గుడ్లలో నిటారుగా ఉన్నది ఒక్కటీ లేదు. తోకలు కొక్కేల్లా ముడుచుకుపోయాయి. కళ్ళు ఆవగింజంత. గుండె ఉండాల్సిన చోట నీటిబుడగ ఉబ్బి ఉంది. ఆ బుడగలో గుండె దారప్పోగులా సాగి, ఉండీ ఉండీ కదులుతోంది.

ఊరి పెద్ద తనీష్ మావయ్య, మా అమ్మకు తమ్ముడు, కర్ర పొడుచుకుంటూ వచ్చి తొంగి చూశాడు. "అడవి సరుకమ్మాయ్. మన నీళ్ళు దానికి పడ్డంలేదు. మనవి బాగున్నాయా లేదా?"

"బంగారంలా ఉన్నాయి మావయ్యా."

"అయితే రేపు పొద్దున తూము ఎత్తేద్దాం. జనం నాలుకలు పిడచకట్టుకుపోయి ఉన్నాయి."

సరేనన్నాను. అని, తొట్టి కడగడానికి వంగి, ఆగిపోయాను. సత్తువలేని గుడ్డు ఎలా చస్తుందో నాకు తెలుసు. మొదటి పూటలోనే తెల్లబడి, బూజు పట్టి, అడుగుకు దిగిపోతుంది. ఇవి అలా కాలేదు. వెన్ను గీత తిన్నగానే పడింది, గుండె కొట్టుకోవడం మొదలైంది, ఆ తరవాత వంకర తిరిగాయి. బాగా నడుస్తున్న మనిషిని ఎవరో దారిలో కాలడ్డం పెట్టి పడేసినట్టుంది. పైగా అన్నీ ఒకేలా వంకర తిరిగాయి.

సాయంత్రం మావయ్య ఇంటికెళ్ళి రేపు తూము వద్దన్నాను. ఎందుకని అడిగాడు. ఇంకా తెలీదన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మూడు తల్లులూ నిటారు ఇచ్చాక ఆపడం మన ఇంటా వంటా లేదే?" అన్నాడు. ఇంకొక్క కాన్పు గుడ్లు చూసుకోనివ్వు, అప్పటికీ ఏమీ తేలకపోతే నేనే అరుస్తానని చెప్పి వచ్చాను. దారిలో బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు నాకు వినబడేలానే సణుక్కున్నారు.

మృగశిర, ఐదో రోజు

నాంచారి నన్ను ఒంటరిగా వెళ్ళనివ్వలేదు. తెడ్డు నేను వేస్తానన్న షరతు మీద దాన్ని పడవెక్కించుకున్నాను. రెల్లులో ఇంకో జంట దొరికింది. ఈసారి వేలు నాదే తెగింది.

నాలుగు గిన్నెలు పెట్టాను. ఒకదాంట్లో రెల్లు దగ్గరి నీళ్ళు. ఒకదాంట్లో మడుగులో పడ్డ తొలకరి. ఒకదాంట్లో కప్పు తగలకుండా ఆరుబయట కుండలో పట్టిన వాన. నాలుగోదాంట్లో నాంచారి ఇంటి బిందెలోని నీళ్ళు, అంటే పోయినేటి మడుగు నీళ్ళే. నాలుగింట్లోనూ అడవి గుడ్లు వేశాను. పక్కనే ఇంకో నాలుగు గిన్నెల్లో అవే నీళ్ళు పోసి సత్యవతి గుడ్లు వేశాను.

"పోటీయా అత్తా?" అంది నాంచారి.

"పోటీయే. మన పిల్ల గెలుస్తుందిలే" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

మృగశిర, ఏడో రోజు

సత్యవతి పిల్లలు నాలుగు గిన్నెల్లోనూ నిటారు. ఏ నీళ్ళయినా దానికి ఒకటే.

అడవి పిల్లలు రెల్లు నీళ్ళలో నిటారు. ఆరుబయటి వానలో నిటారు. మడుగు నీళ్ళలో అన్నీ వంకర. బిందె నీళ్ళలో సగానికి సగం వంకర.

అద్దం మీంచి తల ఎత్తలేకపోయాను. ఆకాశంలోంచి పడేదాకా నీళ్ళు మంచివే. మా కప్పులు దాటాకే చెడుతున్నాయి. కప్పుల మీద ఏముంది? నల్లనూనె ఉంది. ఆ విషం నా చేపకు ఎందుకు తెలియలేదో కూడా అప్పుడే తట్టింది. నూనె పూత ఏటా కొంచెం కొంచెం పెరిగింది. ఏటా ఏదో ఒక తల్లి పిల్లలు వంకర తిరిగాయి. ఆ తల్లి నిజం చెప్పింది, మేం దాన్ని పులుసులో వేసుకున్నాం. ఆ విషాన్ని తట్టుకున్న తల్లికి పసుపునీళ్ళు చల్లి, దాని కూతుళ్ళను దాచుకున్నాం. ఇన్నేళ్ళుగా మేం పెంచింది సాక్షిని కాదు, మొండిదాన్ని. కంచే చేను మేసిందంటే ఇదే.

వేమయ్యను పిలిచి చూపించాను. ముందు వాడు ఒప్పుకోలేదు. "మిషను పచ్చ లైటు ఇచ్చింది పిన్నీ. సీసం లేదు, పాదరసం లేదు, పురుగుమందు లేదు."

"నల్లనూనె ఉందా లేదా అని అడిగావా?"

"దానికి నల్లనూనె అంటే ఏంటో తెలీదు. నేర్పినవాటినే పట్టుద్దది."

"గుడ్డుకి ఎవరూ నేర్పలేదబ్బాయ్. అయినా పట్టేసింది."

వాడు అద్దం మీదికి వంగి చాలాసేపు చూశాడు. తరవాత తన ఇంటి కప్పు మీది నీళ్ళు విడిగా, పొరుగు కప్పు నీళ్ళు విడిగా పట్టుకొచ్చి మళ్ళీ గుడ్లు వేద్దామన్నాడు. ఆ సాయంత్రమే రెల్లుకు వెళ్ళి తాజా గుడ్లు తెచ్చి వేశాం. తప్పు నాదై ఉంటే బాగుండునని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను.

మృగశిర, తొమ్మిదో రోజు

తప్పు నాది కాలేదు. రెండు కప్పుల నీటిలోనూ వంకరే. పూత మందంగా ఉన్న కప్పు నీటిలో గుండె అసలు మొదలే కాలేదు.

పొద్దున్నే నడితెప్ప మీద ఊరు కూడింది. చేతుల్లో ఖాళీ బిందెలు. నేను అద్దం తెచ్చి బల్ల మీద పెట్టి, ఆరుబయటి వానది, మడుగుది, నాంచారి బిందెది, మూడు గిన్నెలు పక్కపక్కన పెట్టాను. ఉపన్యాసం నాకు చేతకాదు. నల్లనూనె సంగతి, రేకులు దించాలన్న సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. చూడమన్నాను. ఒక్కొక్కరే వంగి చూసి పక్కకు తప్పుకున్నారు. మావయ్య కూడా చూశాడు.

"అమ్మాయ్, నాదొక మాట" అన్నాడు. "మీ అమ్మ చెప్పింది విన్నాం. నువ్వు చెప్పింది విన్నాం. గుడ్డు మాటే మాట అని మీరే నేర్పారు. ఇప్పుడు నువ్వే వచ్చి మన గుడ్డు అబద్ధం, ఎక్కడో రెల్లులో గుడ్డు నిజం అంటే ఎట్టా?"

"మన గుడ్డు అబద్ధం చెప్పలేదు మావయ్యా. దానికి ఆ నీళ్ళు అలవాటైపోయాయి. మన ఉప్పు తిన్నది మన తప్పు చెబుద్దా?"

"రేకులు దించితే ఊరు చీకటి. ఐసు ఉండదు. పట్టిన చేప పట్టినట్టు కుళ్ళిపోద్ది. ఏం తింటాం?"

ఆయన మాట తీసెయ్యదగ్గది కాదు. జనంలోంచి గొంతులు లేచాయి. ఇన్నాళ్ళూ తాగాం, బతికే ఉన్నాం కదా అని ఒకరు. దక్షిణపు వరస వాళ్ళు కాపరిని మార్చేద్దామన్నారు. తూము దగ్గర అరవడానికి ఇంకో గొంతు దొరక్కపోదన్నారు.

"మార్చండి" అన్నాను. "నా నోటితో మాత్రం నిటారు అనే మాట రాదు. ఎవరంటారో ముందుకొచ్చి, ఈ మడుగు గిన్నెలో చూసి అనండి."

అప్పుడు నాంచారి నిండు బిందెతో జనాన్ని తోసుకుంటూ వచ్చింది. దాన్ని ఇంట్లో ఉండమని చెప్పాను, నా మాట ఎప్పుడు విన్నది గనక. నేను చెయ్యి అడ్డం పెట్టేలోపే అద్దం మీదికి వంగింది. అది చూస్తున్నది దాని బిందెలో నీళ్ళ గిన్నె. చూసి చూసి నా వైపు తిరిగింది.

"అత్తా, నా లోపల ఎట్టా ఉందో చూసే అద్దం ఉందా?"

"లేదే."

"గుండె ఎప్పుడు మొదలవుద్ది?"

"మొదలైపోయే ఉంటది."

అది తల ఊపింది. ఏడవలేదు. చేతిలో బిందెను బల్ల మీద పెట్టి మెల్లగా ఒంపేసింది. నీళ్ళు బల్ల అంచు నుంచి కారి తెప్ప పలకల సందుల్లోకి పోయాయి. ఇంటికొక్క బిందె ఇచ్చే రోజుల్లో అలా ఒంపడం ఈ ఊళ్ళో ఎవరూ ఎరగరు.

వేమయ్య పెళ్ళాం వైపు ఒకసారి చూసి, జనం మధ్యనుంచి తిన్నగా తన ఇంటికి నడిచాడు. నిచ్చెన వేసిన చప్పుడు వినబడింది. తరవాత మరలు విప్పుతున్న చప్పుడు. ఊళ్ళో యంత్రమంటే ప్రాణం పెట్టేది వాడు, ఆ రేకులతోనే దాని ఊపిరి. మొదటి రేకు కిందికి దించి గోడకు ఆనించి రెండోదానికి ఎక్కాడు.

మావయ్య కర్ర పొడుచుకుంటూ లేచాడు. "నిచ్చెన ఇటు కూడా తెమ్మనండ్రా" అన్నాడు చివరికి. "పెద్ద అనిపించుకున్నాక నా కప్పు ఆఖర్న దించితే బావోదు."

ఆరుద్ర కార్తె

రాయడానికి తీరిక దొరకలేదు. మడుగు ఖాళీ చేశాం. అడుగు బురద గీకి, గచ్చు కుంకుడు రసంతో తోమాం. మొన్న పడ్డ వానను గుడారం గుడ్డల్లో, పళ్ళాల్లో, పడవల్లో, ఆఖరికి పెళ్ళి పందిరి బట్టలో పట్టుకున్నాం. ఆ నీళ్ళు గుడ్డ వాసన వేస్తున్నాయని పిల్లలు ముక్కు మూసుకుని తాగుతున్నారు. మావయ్య మాత్రం అమృతం అంటాడు. ఆయనకు మడుగు నీళ్ళన్నా అమృతమే, ఆయన మాట లెక్కలోకి రాదు.

చీకటి కష్టమే. ఐసు లేక పట్టిన చేపను ఎండబెట్టుకుంటున్నాం. ఊరంతా ఉప్పుచేప కంపు. వేమయ్య దించిన రేకులన్నీ ఊరికి దూరంగా ఒక విడి తెప్ప మీద బిగిస్తున్నాడు. దాని మీద పడ్డ నీరు మడుగుకు రాకుండా, రెల్లుకు పోకుండా కింద తొట్లు కడుతున్నాడు. అది అయ్యేదాకా ఉత్తర వరసకు ఒక పూట, తూర్పు వరసకు ఒక పూట దీపం. నీటి యంత్రం మూతపడింది. వాడు రోజూ దాని మీద దుమ్ము తుడుస్తాడు.

దక్షిణపు వరసలో నాలుగిళ్ళ వాళ్ళు రేకులు దించలేదు. వాళ్ళ కప్పుల నీళ్ళు వాళ్ళే పీపాల్లో పట్టుకుంటారట, మాకెందుకట. ఆ ఇళ్ళలో కొత్త కోడళ్ళున్నారు. రెండుసార్లు వెళ్ళి చెప్పాను. రెండోసారి నాకు కూర్చోమని పీట కూడా వెయ్యలేదు. మళ్ళీ వెళతాను. సిగ్గుపడితే జరిగే పని కాదిది.

ఇకమీద తల్లిచేపను దాచుకోవడం లేదు. ఏటా తొలకరికి రెల్లులోకి వెళ్ళి బయటి గుడ్లు తెచ్చి సాక్ష్యం అడగాలి, అడిగాక పిల్లలను మళ్ళీ రెల్లులోనే వదలాలి. సత్యవతిని ఏం చేస్తావని మావయ్య అడిగాడు. పద్ధతి ప్రకారమైతే పులుసే. దాని తప్పేముంది? మేం ఎలా పెంచితే అలా పెరిగింది. తిండిచేపల చెరువులో వదిలేశాను. వదిలాక గట్టు మీద కూర్చుని ఏడ్చాను కూడా. దాన్ని కాపాడుకున్నందుకు కాదు, నమ్ముకున్నందుకు.

నాంచారికి వాననీళ్ళు నేనే మోస్తున్నాను. రోజూ పొద్దున్నే అది గడప మీద కూర్చుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని ఉంటుంది. ఏమన్నా తెలుస్తోందా అని అడగను. అదీ చెప్పదు.

జ్యేష్ఠ కార్తె

ఇవాళ పొద్దున నాంచారికి ఆడపిల్ల పుట్టింది.

మంత్రసాని తుడిచి నా చేతుల్లో పెట్టింది. నా బొటనవేలు దానంతటదే పిల్ల మెడ దగ్గర మొదలై వీపు కిందిదాకా జారింది. నిటారు. ఆ మాట పైకే అన్నట్టున్నాను, గుమ్మం బయట మావయ్యా వాళ్ళూ కేకలు పెట్టారు. ఎవరో పళ్ళెం మోగించారు.

అప్పుడు చెవి ఛాతీకి ఆనించాను. గుండె గట్టిగా కొట్టుకుంటోంది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య సన్నగా, ఎక్కడో నీరు కారుతున్నట్టు మరో చప్పుడు ఉంది. మళ్ళీ విన్నాను. ఉంది. మంత్రసాని వైపు చూస్తే ఆమె తల దించుకుంది. ఆమె ముందే విన్నది.

వేమయ్య నా మొహం చూసి కనిపెట్టేశాడు. చెయ్యి పట్టుకుని మూలకు లాగాడు. "ఇప్పుడే చెప్పకు పిన్నీ. పచ్చి బాలింత. అంతా బావుందని ఒక్క ముక్క చెప్పెయ్. నీ మాటంటే దానికి గురి."

వాడి కళ్ళలో నీళ్ళు చూసి నాకూ ఆగలేదు. నేను పెంచిన పిల్ల, రెండుసార్లు పోగొట్టుకున్న పిల్ల. అంతా బావుందని చెప్పాలని నోటిదాకా వచ్చింది. మనవాళ్ళు బాధపడతారని మంచిమాటే చెప్పే సాక్షి ఎంత పని చేస్తుందో ఈ ఏడే చూశాను. మింగలేక కక్కలేక నిలబడి ఉండగానే వెనక నుంచి నాంచారి పిలిచింది.

"అత్తా, గుండె విన్నావా?"

"విన్నానే."

"చెప్పు మరి."

దాని మంచం పక్కన కూర్చున్నాను. "ఒక చప్పుడు ఎక్కువుందే. చిన్నదే. కొందరు పిల్లలకి నడక వచ్చేలోపు దానంతటదే పూడుకుపోద్దంట. కొందరికి పూడదంట. దీనికి ఏదవుద్దో నాకు తెలీదు."

నాంచారి పైకప్పు వైపు చూసింది. రేకులు లేని కప్పు, తాటాకు సందుల్లోంచి వెలుతురు పడుతోంది. తరవాత చేతులు చాచింది. పిల్లను దాని రొమ్ము మీద పడుకోబెట్టాను. పిల్ల వెతుక్కుని వెతుక్కుని పట్టుకుంది. నాంచారి ఉలిక్కిపడింది.

"అమ్మో, గట్టిగానే లాగుతోంది" అంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. పిల్ల వీపు మీద అరచెయ్యి పెట్టి, "అత్తా, దక్షిణపు వరసలో రేకులు దించారా?" అని అడిగింది.

"నాలుగిళ్ళు ఇంకా దించలేదు."

"నీ గిన్నెలు చూసినా దించలేదా?"

"దించలేదు."

"పురుడు వెళ్ళనీ. దీన్ని ఎత్తుకుని ఆ నాలుగిళ్ళకీ పోదాం. ఒక్కొక్కళ్ళనీ చెవి ఆనించి వినమంటా."

వేమయ్య కళ్ళు తుడుచుకుని, పడవలో చలిగాలి తగలకుండా గుడ్డ చుట్టు కడతానని బయటికి వెళ్ళాడు.